బొమ్మల కార్డులు అలవాటైతే ఇక నోరు తెరవడేమో?

ప్రశ్న: మా బాబుకి ఐదేళ్ళు నిండాయి. మూడున్నరేళ్ళప్పుడు ఆటిజం అని చెప్పారు. ‘అమ్మ’, ‘తాత’, ‘బువ్వ’ తప్ప మాటలు లేవు. అవి కూడా రోజూ రావు. ఏం కావాలన్నా నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడు. నాకు అర్థం కాకపోతే తల నేలకేసి కొట్టుకుంటాడు. ఏడాదిన్నరగా స్పీచ్ థెరపీకి తిప్పుతున్నాం. ఇప్పుడు థెరపిస్ట్ మేడమ్ బొమ్మల కార్డులు మొదలుపెడదాం, తర్వాత బొమ్మ నొక్కితే మాట పలికే యాప్ కూడా చూద్దాం అంటున్నారు. ఇంట్లో అందరూ ఇంగ్లీషే మాట్లాడితే మంచిదని కూడా అన్నారు. మా అత్తగారేమో “బొమ్మ చూపిస్తే పనైపోతుంటే వాడు నోరెందుకు తెరుస్తాడు” అంటున్నారు. నాకూ లోపల అదే భయం. మావారు తొందరపడి ట్యాబ్ కొని యాప్ వేశారు. బాబు రెండు రోజులు నొక్కి వదిలేశాడు, ఇప్పుడు యూట్యూబ్ కోసమే ట్యాబ్ అడుగుతున్నాడు. స్కూలుకి కార్డులు పంపుతామంటే “మిగతా పిల్లలు డిస్టర్బ్ అవుతారు” అన్నారు. ఇదంతా మొదలుపెడితే వాడికిక మాటలు రావని మేమే ఒప్పుకున్నట్టు కాదా?
– ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. నా దగ్గరికి వచ్చే తల్లుల్లో చాలామంది ఆ మాట పైకి అనరు. కార్డుల ఫైలు ఇస్తే తలూపి బ్యాగులో పెట్టుకుంటారు. మళ్ళీ వారం వచ్చేసరికి అది బ్యాగులోంచి బయటికి తీసిన జాడే ఉండదు. మీరు అడిగేశారు, మంచి పని చేశారు.

ఒప్పుకున్నట్టు కాదు. ముందు మీ అత్తగారి మాట సంగతి చూద్దాం, ఎందుకంటే అది వినడానికి న్యాయంగానే ఉంది. ఆ అనుమానం తణుకులోనే కాదు, అన్ని దేశాల అమ్మమ్మలకీ నాయనమ్మలకీ ఉంది, కొందరు డాక్టర్లకీ ఉంది. అందుకే దాన్ని పరీక్షించి చూశారు. మిల్లర్, లైట్, ష్లాసర్ అనే ముగ్గురు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను జల్లెడపట్టి 2006లో ఒక సమీక్ష ప్రచురించారు. అందులో గట్టి ఆధారం ఉందనుకున్నవి 27 మందివి. సైగలో, బొమ్మలో, పరికరమో వాడటం మొదలుపెట్టాక ఉన్న మాట తగ్గినవాళ్ళు ఆ 27 మందిలో ఒక్కరూ లేరు. 89 శాతం మందికి మాట ఎంతోకొంత పెరిగింది. మిగతా 11 శాతం మందిలో మార్పు లేదు. ఎంతోకొంత అన్నాను, గమనించండి. కార్డులు పట్టుకోగానే గలగలా మాట్లాడేస్తారని ఎవరైనా చెబితే నమ్మకండి. మీ బాబుకి నోటిమాట వస్తుందా, ఎంత వస్తుంది అన్నది ఉత్తరం చూసి నేను చెప్పలేను. కానీ కార్డుల వల్ల పోయేదేమీ లేదని మాత్రం ధైర్యంగా చెప్పగలను.

ఇంకోలా చూడండి. కార్డు వెతకాలి, అట్ట మీంచి ఊడదీయాలి, మనిషి దగ్గరికి తీసుకెళ్ళి ఇవ్వాలి. నోటితో ‘బువ్వ’ అనడానికి అర క్షణం పట్టదు. ఆ సులువైన దారి తెరుచుకున్న రోజున ఏ పిల్లాడూ కార్డులు మోసుకు తిరగడు.

పనిలో పనిగా మిగతా ఇంటి సలహాలు కూడా తేల్చేద్దాం. వస అరగదీసి తేనెలో నాకించమని మీకు ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. వసపిట్ట అనే మాట మన భాషలో ఉంది కదా అని వసతో మాటలు రావు. వాంతులయ్యి ఆస్పత్రికి వెళ్ళిన పిల్లలున్నారు. నాలుక కింద తీగ కోయిస్తే మాట వస్తుందనేదీ అలాంటిదే. ఆ తీగ బిగుతుగా ఉంటే కొన్ని అక్షరాలు స్పష్టంగా పలకకపోవచ్చు, అంతేగానీ మాటలే రాకుండా పోవు. మగపిల్లలకి మాటలు ఆలస్యం అనే ఓదార్పుకి ఐదేళ్ళ తర్వాత విలువ లేదు. ఒక్కటి మాత్రం అడగాలి: వినికిడి పరీక్ష చేయించారా? టీవీలో పాట రాగానే పరిగెత్తుకొస్తాడు కాబట్టి చెవులు బాగున్నట్టే అనుకోకండి. ‘స’, ‘ఫ’ లాంటి సన్నటి శబ్దాలు వినపడకపోయినా పాట వినపడుతుంది. బెరా అనే వినికిడి పరీక్ష రిపోర్టు ఫైల్లో లేకపోతే ముందు అది చేయించండి.

ఇక అసలు విషయానికి వస్తాను. కార్డులు అనగానే అందరూ ముందు నీళ్ళు, బువ్వ, బాత్రూమ్, బిస్కెట్ చేయిస్తారు. నేనూ అలాగే చేసేదాన్ని. చాలా ఏళ్ళ క్రితం ఒక పాపకి ఇరవై బొమ్మలతో ఎంతో ముచ్చటగా బోర్డు తయారుచేశాను. అన్నీ తినేవి, ఆడేవి. ఆ పాప వారంలోనే బోర్డుని చూస్తే విసిరికొట్టడం మొదలుపెట్టింది. నాకు నెల దాటాక గాని బుర్రకెక్కలేదు. తనకి ఏం కావాలో అడిగే దారి ఇచ్చానే గాని, ఏం వద్దో చెప్పే దారి ఒక్కటీ ఇవ్వలేదు. విసిరికొట్టడమే తన ‘వద్దు’. ఒక అరచేయి బొమ్మ చేర్చాను. ఆ తర్వాత బోర్డు నేలమీద పడటం ఆగింది.

అందుకని మీ ఇంట్లో మొదటి రోజు నుంచే ‘వద్దు’ కార్డు ఉండాలి. మీ బాబు తల కొట్టుకుంటాడని రాశారు. ఎప్పుడెప్పుడు కొట్టుకుంటున్నాడో మూడు రోజులు ఒక కాగితం మీద రాసి చూడండి. కావలసింది దొరకనప్పుడు కొన్నిసార్లు ఉంటుంది, నిజమే. కానీ అక్కర్లేనిది మీద పడినప్పుడు ఇంకెన్నిసార్లో లెక్క తేలుతుంది. స్నానం మధ్యలో తలమీద నీళ్ళు, తినేసినా మళ్ళీ నోట్లోకి వచ్చే ముద్ద, చుట్టాల ముద్దులు. (తల కొట్టుకోవడం ఉన్నట్టుండి ఎక్కువైతే మాత్రం కార్డులకన్నా ముందు డాక్టరు. చెవిపోటు, పంటినొప్పి ఉన్నా మాట రాని పిల్లలు తలే కొట్టుకుంటారు.)

ఇడ్లీ దగ్గర మొదలుపెట్టండి. ప్లేటులో రెండున్నాయి, ఒకటిన్నర తిన్నాడు. మీరు ఇంకో ముక్క తుంచి చట్నీలో అద్ది నోటి దగ్గరికి తెస్తారు. మొహం తిప్పుకుంటాడు. ఆ మొహం తిప్పిన క్షణమే మనకి కావలసింది. అరుపు దాకా పోనివ్వకండి. పక్కనే ఉన్న అరచేయి బొమ్మని మీరే వేలితో తాకి, “వద్దు. ఇడ్లీ వద్దు” అని మామూలు గొంతుతో అని, ఆ ముక్క వెనక్కి తీసేయండి. ‘ఇంకొక్కటి నాన్నా’ అనొద్దు. అలా అన్నారంటే ఆ బొమ్మకి విలువ లేదని మీరే నేర్పినట్టు. నాలుగైదు రోజులు మీరు తాకండి. తర్వాత వాడి చెయ్యి పట్టి తాకించండి. ఒక రోజు వాడే తాకుతాడు. ఆ పూట కడుపు నిండకపోయినా పర్వాలేదు, ముక్క తీసేయండి.

మరి మందు వేసుకోవడానికీ వద్దంటే? అంటాడు, తప్పకుండా అంటాడు. “వద్దంటున్నావు, విన్నాను. జ్వరం ఉంది, మందు వెయ్యాలి” అని చెప్పి వేయండి. చెంచాతోనా గ్లాసుతోనా అన్నది మాత్రం వాడిని ఎంచుకోనివ్వండి. విన్నామని తెలిస్తే పిల్లలు కాదన్న దానికి కూడా కొంత సర్దుకుంటారు. ఇంకో సంగతి, రాయడానికి ఇబ్బందిగా ఉన్నా రాస్తున్నాను. ఎవరైనా చెయ్యి వేయకూడని చోట వేస్తే చెప్పుకోలేని పిల్లాడు వీడు. ‘వద్దు’, ‘నొప్పి’ అనే రెండు కార్డులు వాడి జేబులో ఉండటం బిస్కెట్ కార్డు కన్నా ముఖ్యం.

ఇక్కడ మన భాష సంగతి ఒకటి చెప్పాలి. ఇంగ్లీషులో ‘నో’ ఒక్కటే. మనకి వద్దు, లేదు, కాదు అని మూడున్నాయి, మూడూ వేరు. ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్న కార్డుల సెట్లలో అడ్డంగీత బొమ్మ కింద ‘లేదు’ అనో ‘కాదు’ అనో అచ్చేసి ఉంటుంది. ఇడ్లీ ముక్క నోటి దగ్గరికి వస్తే ఏ తెలుగు పిల్లాడైనా ‘లేదు’ అంటాడా? అందుకే సెట్టు కొనుక్కున్నా ఆ ఒక్క కార్డు మాత్రం చేత్తో రాసుకోండి. మొదట ‘వద్దు’ చాలు. ‘అయిపోయింది’ అనే అర్థంలో ‘లేదు’ కార్డు, ‘ఇది కాదు, అది’ అనే అర్థంలో ‘కాదు’ కార్డు తర్వాత చేర్చవచ్చు.

వరుస కూడా అంతే. ‘ఐ వాంట్’ ఎడమవైపు, వస్తువు కుడివైపు పెట్టే పట్టీ ఇంగ్లీషు వాక్యానికి సరిపోతుంది. మనం ‘నాకు నీళ్ళు కావాలి’ అంటాం. కాబట్టి మీ బోర్డులో ఎడమ పక్కన మనుషులు, మధ్యలో వస్తువులు, కుడి అంచున ‘కావాలి’, ‘వద్దు’, ‘ఇంకా’, ‘చాలు’, ‘రా’, ‘ఇవ్వు’ ఉండేలా చూసుకోండి. వేలు ఎడమ నుంచి కుడికి జరిగితే తెలుగు వాక్యం దానంతటదే తయారవుతుంది. ఒకసారి ఒక బొమ్మ ఒక చోట పెట్టాక దాన్ని అక్కడి నుంచి కదపకండి. అందంగా సర్దుదామని వారానికోసారి మార్చే ఇళ్ళున్నాయి. చీకట్లో మన ఇంటి స్విచ్ మన చేతికి తగిలినట్టు ఆ బొమ్మ వాడి చేతికి తగలాలి.

బొమ్మలకి పెద్ద ఖర్చు పెట్టకండి. స్పెయిన్‌లోని అరగాన్ ప్రాంత ప్రభుత్వం నడిపే అరాసాక్ అనే వెబ్‌సైటులో వేల బొమ్మలు ఉచితంగా దొరుకుతాయి. కాకపోతే ఐదేళ్ళ పిల్లాడికి మొదట్లో మీ ఫోన్లో తీసిన ఫొటోలే మేలు. వాడు తాగే స్టీలు గ్లాసు, వాడి చాప, మీ బాత్రూమ్ తలుపు. ఫొటో కూడా పట్టనట్టు ఉంటే గ్లాసునే చేతికివ్వనివ్వండి, అదే కార్డు. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి లామినేషన్ చేయించండి, టైలరింగ్ సామాన్ల కొట్లో వెల్క్రో మీటరు లెక్కన ఇస్తారు. ఒక పాత ఫైలు అట్ట చాలు.

అడగడం నేర్పడానికి మీ మేడమ్ బహుశా పెక్స్ అనే పద్ధతి మొదలుపెడతారు. అమెరికాలోని డెలావేర్‌లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ 1985లో తయారుచేసింది అది. మొదటి మెట్టుకి ఇద్దరు పెద్దవాళ్ళు కావాలి, కాబట్టి మీవారిని కూర్చోబెట్టండి. ఎదురుగా మీరు, చేతిలో వాడికిష్టమైన జంతిక. వెనకాల మీవారు, నోరు మెదపకూడదు. బాబు జంతిక కోసం చెయ్యి చాపగానే వెనకనుంచి ఆ చేతిని కార్డు మీదికి మళ్ళించి, కార్డు మీ చేతిలో పెట్టించాలి. పెట్టగానే “జంతిక!” అని వెంటనే ఇచ్చేయాలి. ‘ఏం కావాలి నాన్నా’ అని అడగకూడదు, అదే అందరూ తప్పే చోటు. అడిగితేనే చెప్పాలని వాడు నేర్చుకుంటాడు. మనకి కావలసింది వాడంతట వాడు వచ్చి మనల్ని పలకరించడం. ఈ పద్ధతిలో ‘వద్దు’ చెప్పడం కొన్ని మెట్ల తర్వాత వస్తుంది. నేను మొదటి రోజే పెడతాను. మీ మేడమ్ వేరే వరుస చెబితే ఈ కాగితం చూపించి మాట్లాడండి, గొడవపడకండి.

ట్యాబ్ ఎందుకు పని చేయలేదో మీ ఉత్తరంలోనే ఉంది. “రెండు రోజులు నొక్కి వదిలేశాడు” అన్నారు. మీరెన్నిసార్లు నొక్కారు? పిల్లాడు మొదటి మాట అనేలోగా ఏడాదిపాటు మన మాటలు వింటాడు. ఆ ఏడాదిలో ‘ఏదీ, చెప్పు’ అని ఎవరం పరీక్ష పెట్టం. బొమ్మల భాష మాత్రం చేతికిచ్చిన మర్నాడే రావాలనుకుంటాం. పైగా మన ఇళ్ళల్లో చుట్టాలు రాగానే “ఏనుగు చూపించు నాన్నా, ఆవు చూపించు” అని పరీక్ష ఒకటి. కొన్నాళ్ళు ఆ పరీక్షలు మానేయండి. మీరు మాట్లాడేటప్పుడు మీరే తాకుతూ మాట్లాడండి. బయటికి వెళ్తున్నప్పుడు ‘పోదాం’ తాకండి, అన్నం అయిపోతే ‘చాలు’ తాకండి. రోజంతా అక్కర్లేదు, ఓపిక ఉన్న రెండు మూడు సందర్భాల్లో చాలు. తాకాక మనసులో పది లెక్కపెట్టండి. ఆ పది చాలా పొడుగ్గా అనిపిస్తుంది. మనం మూడు దగ్గరే మళ్ళీ మాట అందుకుంటాం, వాడు ఏడు దగ్గర కదిలేవాడేమో.

యాప్ వద్దని కాదు. ఐఐటీ బొంబాయి డిజైన్ విభాగం వాళ్ళు చేసిన జెల్లో ఉచితం. చెన్నైలో అజిత్ నారాయణన్ మొదలుపెట్టిన ఆవాజ్‌కి డబ్బు కట్టాలి గానీ చాలా విస్తారమైనది. రెండింటిలోనూ తెలుగుంది. తర్వాత సంగతి అది. ఇప్పుడైతే ఆ ట్యాబ్‌లోంచి యూట్యూబ్ తీసేయండి, లేదా వీడియోలకి మీ పాత ఫోను, మాటకి ట్యాబ్ అని విడదీయండి. నోరూ టీవీ ఒకే డబ్బాలో ఉంటే టీవీయే గెలుస్తుంది. యాప్ నుంచి బయటికి పోకుండా స్క్రీన్ పిన్ చేసే వీలు ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. అల్లరి చేశాడని ట్యాబ్ గానీ కార్డులు గానీ బీరువాలో పెట్టి తాళం వేయకండి. మాట్లాడే పిల్లాడు అల్లరి చేస్తే నోటికి ప్లాస్టర్ వేయం కదా. ఛార్జింగ్ అయిపోయినప్పుడు, బావి దగ్గర, బస్సులో కాగితం బోర్డే దిక్కు, కాబట్టి దాన్ని వదలొద్దు.

ఇంట్లో ఇంగ్లీషు సలహా మాత్రం నాకు నచ్చలేదు. మీ అత్తగారు, పక్కింటివాళ్ళు, కూరగాయలబ్బాయి అందరూ తెలుగువాళ్ళే. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట వెనకపడుతుందనడానికి ఆధారం లేదు. మీకు ప్రేమగా, ధారాళంగా వచ్చే భాషలోనే మాట్లాడండి.

అత్తగారికి ఒక పని అప్పజెప్పండి. కొనే సెట్లలో ముసలావిడ బొమ్మ ఒక్కటే ఉంటుంది, అది అమ్మమ్మో నాయనమ్మో తెలియదు. ఆవిడ ఫొటోనే తీసి కార్డు చేయండి. మీ ఇంట్లో నాయనమ్మ అంటారో మామ్మ అంటారో ఆ పిలుపే రాయండి. ఆ కార్డు తెచ్చి చేతిలో పెడితే ఆవిడ ఉన్న పని వదిలి వాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి, అదొక్కటే షరతు. వాడు ఆ కార్డు పట్టుకుని మొదటిసారి ఆవిడ కోసం ఇల్లంతా వెతికాక ఆవిడతో మీకు వాదన ఉండదు.

స్కూలు వాళ్ళకి నోటిమాటగా చెప్పకండి, ఉత్తరం రాసివ్వండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో సెక్షన్ 16 ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి బడీ పిల్లల అవసరానికి తగిన సర్దుబాట్లు చేసేలా ప్రభుత్వాలు చూడాలి. మాట, భాష ఇబ్బంది ఉన్నవాళ్ళ రోజువారీ అవసరాలకి ఇలాంటి ప్రత్యామ్నాయ పద్ధతుల వాడకాన్ని ప్రోత్సహించాలని ప్రభుత్వాలకి సెక్షన్ 17 చెబుతోంది. ఈ రెండు నంబర్లు ఉత్తరంలో వేయండి. గొంతు మాత్రం మెత్తగానే ఉంచండి, రేపు వాడు కూర్చోవాల్సింది ఆ టీచరు ముందే. మొదట ఐదు కార్డుల రింగు చాలు, ఐడీ కార్డు తాడుకే తగిలించండి: నీళ్ళు, బాత్రూమ్, నొప్పి, వద్దు, సాయం. పక్కన కూర్చునే పిల్లలు టీచరు కన్నా ముందు నేర్చేసుకుంటారు.

మీ ప్రాంతంలో ఉచితంగా దొరికేవి కూడా చూసుకోండి. జిల్లా స్థాయి ప్రభుత్వ ఆస్పత్రుల్లో డీఈఐసీ అని బాల్యపు లోపాలకి ప్రత్యేక కేంద్రం ఉంటుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం విద్యాశాఖ వాళ్ళు నడిపే భవిత కేంద్రం మండలంలో ఎక్కడుందో ఎంఈఓ ఆఫీసులో చెబుతారు. పూర్తిస్థాయి పరీక్ష కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. వికలాంగులకి ప్రభుత్వం ఇచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు ఉంటే మంచిది. ఆటిజం ఉన్నవాళ్ళకి కేంద్ర ప్రభుత్వపు నేషనల్ ట్రస్ట్ ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు వస్తుంది, అందులో థెరపీ ఖర్చుకీ కొంత భాగం ఉంది.

ఒక హెచ్చరిక. పిల్లాడి చెయ్యో మోచెయ్యో పట్టుకుని అక్షరాల మీద ఆడించి, వాడి మనసులోని మాట ఇదీ అని పెద్ద పెద్ద వాక్యాలు చూపించేవాళ్ళు తగులుతారు. ఏ తల్లికైనా కళ్ళు చెమరుస్తాయి. పరీక్షించి చూసినప్పుడల్లా ఆ మాటలు చెయ్యి పట్టుకున్న మనిషివేనని తేలింది, అమెరికా స్పీచ్ థెరపిస్టుల సంఘం 2018లో దాన్ని వాడొద్దని చెప్పింది. నేర్పేటప్పుడు నాలుగు రోజులు చెయ్యి పట్టడం వేరు. చివరికి చెయ్యి వదిలేశాక వాడు తాకిందే వాడి మాట.

రేపు జిరాక్స్ షాపుకి వెళ్ళినప్పుడు మిగతావన్నీ ఒక్కొక్కటి తీయించినా, అరచేయి బొమ్మ మాత్రం నాలుగు కాపీలు లామినేషన్ చేయించుకోండి. వంటింట్లో ఒకటి, బాత్రూమ్ తలుపుకి ఒకటి, స్కూలు రింగుకి ఒకటి, బీరువాలో ఒకటి. అన్నిటికన్నా ముందు నలిగి చిరిగేది అదే.